పుంటిపూల కషాయం బీపీకి, కిడ్నీకి మంచిదేనా? గోలీలు ఆపొచ్చా?

పరకాల ఆడబిడ్డ:
మా అత్తమ్మకు 58 ఏళ్లు. బీపీ 150/95 దగ్గర ఉంటోంది. నెల కింద టెల్మిసార్టాన్ 40 అనే బీపీ గోలీ మొదలుపెట్టారు. కిడ్నీ పరీక్షలు బాగానే ఉన్నాయి. ఇప్పుడు మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతోంది. ఎండిన ఎర్ర పుంటిపూలు మరిగించి తాగితే అందులోని ఫ్లేవనాయిడ్లు (మొక్కల్లో సహజంగా ఉండే పదార్థాలు) బీపీని దించుతాయట, కిడ్నీలను కడుగుతాయట. పెరట్లో ఎర్ర పుంటికూర, అదే ఎర్ర గోంగూర, దండిగా ఉంది. అత్తమ్మ గోలీలు మానేసి అదే తాగుతానంటోంది. ఏం చెప్పాలి?

ఎనుమాముల రైతు:
తాగనివ్వు చెల్లె. ఇది వట్టి వాట్సాప్ ముచ్చట కాదు. 2004లో మెక్సికోలో పరీక్ష చేసిన్రు. పది గ్రాముల ఎండు పుంటిపూలు అర లీటరు నీళ్లలో వేసి, రోజూ పొద్దున టిఫిన్‌కు ముందు నాలుగు వారాలు తాగించారు. ఇంకో గుంపుకు కాప్టోప్రిల్ అనే 25 మిల్లీగ్రాముల బీపీ గోలీ రెండు పూటలా ఇచ్చారు. రెండు గుంపులకూ బీపీ దాదాపు ఒకే తీరుగా తగ్గింది. మన పెరట్లో ఉన్నదాన్ని వదిలి మెడికల్ షాపు చుట్టూ తిరగడం ఎందుకు?

భీమారం మాస్టారు:
నేను ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పినవాణ్ని. ఒక సవరణ. మీరు పూలు అంటున్నవి పూలు కావు. పుంటికూర పువ్వు లేత పసుపు రంగులో ఉంటుంది, నడుమ ముదురు ఎరుపు, ఒక్క రోజులో వాడిపోతుంది. పువ్వు రాలాక కాయ చుట్టూ కండపట్టి ఎర్రబడే రక్షక పత్రాలనే ఎండబెడతారు. ఆ ఎరుపే ఆంథోసయనిన్, అదొక ఫ్లేవనాయిడ్. మెక్సికో పరిశోధన ఆకుకూర మీద చేసింది కాదు. నార తీసే గోగు జాతి కూడా వేరు. ముందు ఏ మొక్క, ఏ భాగం అన్నది తేల్చుకోండి.

కాజీపేట ల్యాబ్:
అక్కా, గోలీ మాత్రం ఆపనివ్వొద్దు. పద్నాలుగేళ్లుగా ల్యాబ్‌లో పనిచేస్తున్నాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

అన్న చెప్పిన 2004 పరీక్ష నిజమే. అదే బృందం 2007లో లిసినోప్రిల్ అనే 10 మిల్లీగ్రాముల బీపీ గోలీతో పోల్చి చూసింది. అప్పుడు కూడా పుంటి సారంతో బీపీ తగ్గింది కానీ గోలీతోనే ఎక్కువ తగ్గింది. దాని సంగతి ఆ మెసేజ్‌లో ఉండదు. 2010లో అమెరికాలోని బోస్టన్‌లో 65 మందితో ఇంకొకటి జరిగింది. రోజుకు మూడు కప్పులు, ఆరు వారాలు. పై బీపీ సుమారు 7 పాయింట్లు తగ్గింది, ఉత్తుత్తి పానీయం తాగినవాళ్లకు 1 పాయింటు తగ్గింది. వాళ్లెవరూ బీపీ గోలీలు వాడనివాళ్లు, బీపీ కొద్దిగా పెరిగినవాళ్లు. మీ అత్తమ్మ 150లో 7 తీసేస్తే 143. అది కూడా ఎక్కువే కదా?

ఫ్లేవనాయిడ్లు రక్తనాళాల లోపలి పొరలో నైట్రిక్ ఆక్సైడ్‌ను పెంచుతాయి, నాళం కొంచెం సడలుతుంది. ఇంతవరకు నేనూ ఒప్పుకుంటాను. కిడ్నీలను కడగడం అన్నది మాత్రం ఎక్కువగా ఎలుకల మీద చేసిన పని.

జనగామ పోరడు:
మా మామకు కొండపిండి ఆకు రసంతో కిడ్నీలో రాయి పడిపోయింది. నేను కళ్లారా చూసిన.

కాజీపేట ల్యాబ్:
తమ్ముడూ, రాయి వేరు, కిడ్నీ దెబ్బతినడం వేరు. ఐదు మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలావరకు నీళ్లు బాగా తాగితే వాటంతటవే పడిపోతాయి. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లకు అదే లీటర్ల కొద్దీ నీళ్లు ప్రమాదం కావచ్చు. రెండింటికీ ఒకే కషాయం చెప్పకండి.

ఎనుమాముల రైతు:
మన తిండి పేరు చెబితే చాలు, మీ చదువుకున్నోళ్లకు ఎలుకలు గుర్తొస్తాయి. ఉల్లిగడ్డలో క్వెర్సెటిన్ ఉంది, అదీ ఒక ఫ్లేవనాయిడే. 2007లో అమెరికాలో బీపీ ఉన్నవాళ్లకు రోజుకు 730 మిల్లీగ్రాములు నాలుగు వారాలు ఇస్తే పై బీపీ 7, కింది బీపీ 5 తగ్గింది. అది ఎలుక కాదు, మనిషి.

కాజీపేట ల్యాబ్:
వాళ్లకు ఇచ్చింది గోలీ రూపంలో. వంద గ్రాముల ఉల్లిగడ్డలో క్వెర్సెటిన్ సుమారు 20 నుంచి 40 మిల్లీగ్రాములు. 730 కావాలంటే రోజూ రెండు కిలోలైనా తినాలి. ఎవరు తింటారన్నా?

భీమారం మాస్టారు:
ఇంకా అందరూ పూలు అనే రాస్తున్నారు. పేరు తప్పయితే మోతాదూ తప్పుతుంది. పది గ్రాముల ఎండు పత్రాలు అని రాయండి.

ఎనుమాముల రైతు:
మాస్టారూ, మా ఊళ్లో పుంటిపూలు అంటేనే అర్థమవుతుంది, వదిలేయండి. ల్యాబ్ చెల్లెకు ఒకటే మాట. నువ్వు అక్కడ జీతం తీసుకుంటున్నావు, అక్కడి మాటే మాట్లాడతావు. నేను మొన్న హన్మకొండలో ఒక దవాఖానకు పోయిన. పొద్దున ఎనిమిదికి చీటీ తీసుకుంటే పన్నెండున్నరకు పిలిచారు. లోపల రెండు నిమిషాలు. కషాయం తాగొచ్చా అని అడిగితే ఆ డాక్టర్ తల ఎత్తకుండానే, మీ ఊరి వైద్యం మీరే చేసుకుంటే ఇక్కడికెందుకు వచ్చారు అన్నాడు. ఎనిమిది వందలు కట్టి ఆ మాట పడ్డ. పుంటికూర నన్ను ఎన్నడూ అట్ల అనలేదు.

జనగామ పోరడు:
అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మాకూ అదే అయ్యింది.

కాజీపేట ల్యాబ్:
జీతం అన్నారు కాబట్టి చెప్తున్నాను. ఇది ఇక్కడ రాయాలని అనుకోలేదు.

మా బాపుకు 52 ఏళ్లప్పుడు బీపీ బయటపడింది. గోలీలు వేసుకున్నారు, తలనొప్పి పోయింది, ఒంట్లో బాగుంది. అప్పుడు తెలిసినాయన ఒకరు ఏదో ఆకుల పొడి ఇచ్చి, ఇది చాలు, ఆ మందులతో కిడ్నీలు పోతాయి అన్నాడు. బాపు ఏడు నెలలు గోలీ ముట్టలేదు. మాతో చెప్పలేదు, మేమూ అడగలేదు. నొప్పి లేదు, వాపు లేదు. బీపీ అట్లనే ఉంటుంది, లోపల కొరుకుతున్నా మనిషికి తెలియదు. ఒకరోజు ఆకలి లేదంటే నేనే మా ల్యాబ్‌కు తీసుకుపోయి రక్తం తీశాను. క్రియాటినిన్ 6.8. అది కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం, పెరిగితే కిడ్నీ దెబ్బతిన్నట్టు. రిపోర్టు టైపు చేసింది నేను. తప్పు వచ్చిందనుకుని మళ్లీ పెట్టాను. 6.8. రెండున్నరేళ్లు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు తీసుకుపోయాను, ఆ తర్వాత బాపు లేరు.

మీ పుంటికూర మీద నాకు పగ లేదన్నా. మేమూ పప్పులో వేసుకుంటాం. గోలీ ఆపు అన్న మాట ఎక్కడ కనబడినా నాకు ఆ కాగితం కనబడుతుంది.

పరకాల ఆడబిడ్డ:
చదివి చేతులు ఆడలేదు. అత్తమ్మకు చదివి వినిపించాను. గోలీ ఆపనంది. కషాయం సంగతి డాక్టర్‌కు చెప్పి, ఆయన సరేనంటే ఒక కప్పు తాగుతుందట.

భీమారం మాస్టారు:
అమ్మా, మీ బాపు సంగతి తెలియక మొక్క పేర్ల మీద పట్టుబట్టాను. మనసు కష్టపెట్టి ఉంటే మన్నించు.

ఎనుమాముల రైతు:
రాత్రంతా నిద్ర పట్టలేదు. జీతం మాట అనకుండా ఉండాల్సింది. తప్పయింది చెల్లె.

నేను దవాఖానకు పోయింది మా అమ్మ కోసం. ఆమెకు క్రియాటినిన్ 2.4. తినకూడనివని ఒక కాగితం ఇచ్చారు. పప్పు తగ్గించాలి, టమాట వద్దు, ఆలుగడ్డ వద్దు, అరటిపండు వద్దు, ఆకుకూర వద్దు, పచ్చడి వద్దు. అమ్మ ఆ కాగితం చూసి, మరి నేను దేంతో తినాలె బిడ్డా అని ఏడ్చింది. ఏం తినొచ్చో ఎవరూ రాసివ్వలేదు. నా చేతులతో ఆమెకు పెట్టగలిగింది ఆ కషాయం ఒక్కటే. నెల నుంచి ఇస్తున్న. గోలీలు ఆపలేదు. దానితో పాటు పొద్దున కొబ్బరినీళ్లు, మునగాకు మరిగించిన నీళ్లు కూడా. ఆపు ఆపు అంటారందరూ. ఏం పెట్టాలో చెప్పండి.

కాజీపేట ల్యాబ్:
అన్నా, ముందే చెప్పాల్సింది. ఇప్పుడు నా మాట జాగ్రత్తగా చదవండి.

మనం నాలుగు రోజులుగా ఫ్లేవనాయిడ్ల మీద కొట్లాడుకుంటున్నాం. అమ్మ విషయంలో చూడాల్సింది పొటాషియం. కిడ్నీ బలహీనపడితే అది బయటికి పోదు, రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. టెల్మిసార్టాన్ లాంటి గోలీలతో అది ఇంకొంచెం పెరగొచ్చు. ఒక పెద్ద గ్లాసు కొబ్బరినీళ్లలోనే సుమారు 500 మిల్లీగ్రాములు ఉంటుంది. అవి ఈ రోజే ఆపండి.

కూరగాయలు పూర్తిగా మానాల్సిన పని లేదు. చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు వంచి పారబోసి, తర్వాత పోపు పెట్టండి. పొటాషియం చాలావరకు నీళ్లలోకి దిగిపోతుంది. ఇక్కడే ఒకటి గమనించండి. ఆకు మరిగించి నీళ్లు తాగడమంటే మనం పారబోయాల్సినదాన్నే తాగించడం. మునగాకు నీళ్లు కూడా ఆపండి. పుంటిపూల కషాయాన్నీ డాక్టర్‌ను అడిగేదాకా పక్కన పెట్టండి.

సోడియం తక్కువ అని అమ్మే ఉప్పు కొనకండి, అందులో పొటాషియం కలుపుతారు. మామూలు ఉప్పే, అన్నీ కలిపి రోజుకు ఐదు గ్రాముల లోపు. సొరకాయ, బీరకాయ లాంటివి తక్కువ పొటాషియం ఉన్న కూరలు. పప్పు ఎంత వరకు పెట్టాలో ఆమె రిపోర్టులు చూసి డైటీషియన్ చెప్పాలి, నేను చెప్పకూడదు.

పాత రిపోర్టులో సీరమ్ పొటాషియం అని ఒక లైను ఉంటుంది. ఎంత ఉందో చూడండి. 3.5 నుంచి 5 దాకా మామూలు.

ఎనుమాముల రైతు:
పన్నెండు రోజుల కింది రిపోర్టు తీసి చూసిన. 5.8 ఉంది. పక్కన నక్షత్రం గుర్తు పెట్టారు. ఎవరూ చెప్పలేదు.

కాజీపేట ల్యాబ్:
రేపటిదాకా ఆగకండి. ఇప్పుడే డాక్టర్‌కు ఫోన్ చేసి ఆ అంకె చెప్పండి, ఏమేం తాగిస్తున్నారో అన్నీ చెప్పండి. ఫోన్ ఎత్తకపోతే నేరుగా అత్యవసర విభాగానికి తీసుకుపోండి. అక్కడ మళ్లీ రక్తం తీస్తారు, ఈసీజీ కూడా తీయమని అడగండి.

ఎనుమాముల రైతు:
ఆటో పిలిచిన. అమ్మ చీర మార్చుకుంటోంది. కషాయం గిన్నె పారబోసిన.