పునీతుల పేరున్న ఊళ్లలో మీ ఓటు దేనికి?

పొగమంచు_పిచ్చోడు:
వీకెండ్ గొడవకి ఒక టాపిక్. పునీతుల (సెయింట్ల) పేర్లు పెట్టుకున్న నగరాల్లో ఏది గొప్పది? నా ఓటు శాన్ ఫ్రాన్సిస్కోకి. జులైలో స్వెటర్ వేసుకుని తిరిగే ఊరు అది. మొన్న మా మామగారిని గోల్డెన్ గేట్ వంతెన చూపిద్దామని తీసుకెళ్తే రెండు ఎర్ర స్తంభాల తలలు మాత్రం పొగమంచు పైన తేలుతున్నాయి, కింద వంతెన అన్నదే లేదు. ఆయన అలాగే ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో "వంతెన ఇక్కడే ఉందట" అని పెట్టారు. 1937లో కట్టినది, స్తంభానికీ స్తంభానికీ మధ్య 1280 మీటర్లు. చూసిన రోజున చూసినట్టు, లేని రోజున లేనట్టు.
ఒక్క రూల్. లాస్ ఏంజిలిస్ పేరెత్తకండి. అది దేవదూతల పద్దు, పునీతులది కాదు.

గుంటూరు_ఆర్‌సీఎం:
వంతెన బాగుంది సరే, పేరు సంగతి చూద్దాం తమ్ముడూ. అస్సీసి ఫ్రాన్సిస్ వారు వ్యాపారి కొడుకు. ఒంటి మీద బట్టలు కూడా బిషప్ ముందే తండ్రికి తిరిగిచ్చేసి పేదరికాన్ని కోరుకున్న మనిషి. ఆయన పేరున్న ఊళ్లో అద్దె వింటే గుండె జారుతుంది. పైగా 1847 దాకా ఆ ఊరి పేరు యెర్బా బ్యూనా. పక్కన ఇంకో ఊరివాళ్లు ఫ్రాన్సిస్కా అని పేరు పెట్టుకోబోతుంటే, ఓడల వ్యాపారం అటు పోతుందని వీళ్లు గబగబా మార్చేశారు. ఇది భక్తా, బోర్డు మార్పిడా?
నా ఓటు టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోకి. 1691లో స్పెయిన్ వాళ్లు ఆ నది ఒడ్డుకి చేరింది జూన్ 13న, అంటే సరిగ్గా అంతోనివారి పండగ రోజున. అందుకే నదికి ఆ పేరు, తర్వాత ఊరికీ అదే. మా ఇంట్లో మంగళవారం అంటే అంతోనివారి నొవేనా ప్రార్థన. ఏ వస్తువు పోయినా మా నాయనమ్మ ఆయనకే మొక్కేది.
ఆ ఊళ్లో రివర్ వాక్ చూడాలి. 1921లో వరదొచ్చి యాభై మందికి పైగా పోయారు. ఆ నది వంపుని పూడ్చేసి పైన రోడ్డేద్దామన్న ఆలోచన కూడా నడిచింది. పూడ్చకుండా ఒడ్డునే నడిచే దారి వేశారు. వీధి మీంచి మెట్లు దిగితే కార్ల మోత ఆగిపోతుంది. సైప్రస్ చెట్లు, నీళ్ల మీద బల్లపరుపు పడవలు, పక్కనే హోటల్ కుర్చీలు. మా ఆవిడ జుంకీ ఒకటి అక్కడే పోయింది. అంతోనివారిని అడిగాం. దొరకలేదు. అయినా ఓటు మార్చను.

జోజప్ప_ఊరివాడు:
మనవాళ్లలో సగం మంది ఉండేది శాన్ హోసేలో, పొగిడేది పక్క ఊరిని. శాన్ హోసే అంటే పునీత జోజప్పే (జోసెఫ్) కదా, వడ్రంగి, పనివాళ్ల పునీతుడు. 1777లో ఈ ఊరు పెట్టిందే శాన్ ఫ్రాన్సిస్కో, మాంటెరీ కోటల్లోని సైనికులకు గింజలు పండించడానికి. అప్పుడూ మేం పనిచేస్తే వాళ్లు తిన్నారు. జనాభాలోనూ మాదే పెద్ద ఊరు. చూడ్డానికి ఏముందంటారా? పార్కింగ్ దొరుకుతుంది.

సెయింట్_లూయిస్_సుబ్బక్క:
అబ్బాయిలూ, మా ఊరు ఎవరికీ గుర్తు రాలేదా? 630 అడుగుల ఎత్తు ఆర్చి, అంతే వెడల్పు. పైకి వెళ్లాలంటే గుడ్డులాంటి డబ్బాలో కూర్చోవాలి. ఐదుగురికి సీట్లు, వంగి దూరితే తప్ప పట్టని తలుపు, ఎదుటివాళ్ల మోకాళ్లు మన మోకాళ్లకి. నాలుగు నిమిషాలు గడగడమంటూ వెళ్తుంది. మా చెల్లెలు కళ్లు మూసుకుని ఆంజనేయ దండకం చదివింది, ఎదురుగా కూర్చున్న ముసలాయన తనూ ఏదో గొణుక్కున్నాడు.
పేరు విషయంలో మాత్రం నేను ఎక్కువ వాదించను. ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయీ పేరది, క్రూసేడ్ మతయుద్ధాలకి వెళ్లినవాడు, యూదుల గ్రంథాలు తగలబెట్టించినవాడు. ఫారెస్ట్ పార్కులో ఆయన విగ్రహం తీసెయ్యాలని 2020లో పెద్ద రగడ. విగ్రహం అక్కడే ఉంది.

నీవా_ఒడ్డున:
అందరూ అమెరికాలోనే తిరుగుతున్నారు. నేను మెడిసిన్ చదివింది రష్యాలో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో. పేతురుగారి ఊరు. 1703లో పీటర్ చక్రవర్తి కట్టించి తన నామధేయుడైన అపొస్తలుడి పేరు పెట్టాడు. 1914లో పెట్రోగ్రాడ్, 1924లో లెనిన్‌గ్రాడ్, 1991లో జనం ఓటేసి పాత పేరు తెచ్చుకున్నారు. పేరు పోయి, ఓటుతో తిరిగొచ్చిన ఊరు ఇంకోటి చూపించండి. తమాషా ఏంటంటే చుట్టూ ఉన్న ప్రాంతం పేరు ఇంకా లెనిన్‌గ్రాడే.
జూన్‌లో రాత్రి పదకొండింటికి కూడా వెలుతురే. అర్ధరాత్రి దాటాక పడవల కోసం నీవా నది మీద వంతెనలు పైకి లేపేస్తారు. మొదటి ఏడాది ఆ సంగతి తెలీక అవతలి ఒడ్డున ఇరుక్కుపోయాను. హాస్టల్ ఎదురుగా కనిపిస్తోంది, వెళ్లడానికి దారి లేదు. తెల్లారేదాకా ఒక బెంచీ మీద చిప్స్ తింటూ కూర్చున్నా.

కడప_కారం:
మన దగ్గర బ్రహ్మంగారి మఠం లేదా? పాత పేరు కందిమల్లాయపల్లె. ఇప్పుడు మండలమే ఆయన పేరు మీద.

పొగమంచు_పిచ్చోడు:
కడప అన్నా, టాపిక్ నగరాల గురించి. మఠానికి వేరే థ్రెడ్ పెట్టు, మొదటి కామెంట్ నాదే.
గుంటూరు అన్నా, 1847 సంగతి ఒప్పుకుంటున్నా. కానీ ఆ పేరు గాల్లోంచి ఊడిపడలేదు. 1776లోనే అక్కడ ఫ్రాన్సిస్ వారి పేరుతో మిషన్ (మతప్రచార కేంద్రం) పెట్టారు. పచ్చి ఇటుకలతో కట్టిన ఆ గుడి 1791 నాటిది. 1906 భూకంపంలో, ఆ తర్వాత మంటల్లో ఊరు చాలావరకు బుగ్గి అయినా అది నిలబడింది. వ్యాపారులు అరువు తెచ్చుకున్నది పేరే, పునీతుడు ముందు నుంచీ అక్కడే ఉన్నాడు. అద్దె గురించి మాత్రం నా దగ్గర జవాబు లేదు. నేనుండేది కూడా జోజప్ప ఊళ్లోనే.

జోజప్ప_ఊరివాడు:
హహ! అడ్రస్ బయటపడింది. లెక్క ప్రకారం ఆ ఓటు మాదే.