ఇన్హేలర్ నిజంగా రోజూ వెంట పెట్టుకుంటున్నారా?

నైట్‌షిఫ్ట్ బాబాయ్:
నాకు 34, చిన్నప్పట్నుంచీ ఉబ్బసం. ఆయాసం వస్తే బ్లూది, ఇంకోటి పొద్దున సాయంత్రం రోజూ పీల్చమన్నారు. నాలుగు రోజులు బాగుంటే చాలు రెండోది మానేస్తా, బ్లూది బండి డిక్కీలో పడుంటుంది. మొన్న మా మేనమామ కూతురి పెళ్ళిలో హోమం పొగకి పిల్లికూతలు మొదలయ్యాయి, తాళం మా తమ్ముడి దగ్గర, వాడేమో భోజనాల బంతిలో, తెచ్చేసరికి నాకు మాట కూడా రావట్లేదు, తీరా నొక్కితే తుస్సు, ఖాళీ! ఎవరి దగ్గరో అడిగి పీల్చా. మీరెలా మర్చిపోకుండా ఉంటున్నారు?

పుల్లట్టు:
డిక్కీలోంచి ముందు తీసెయ్ బ్రో. 30 డిగ్రీల లోపు ఉంచమని నా డబ్బా మీదే ఉంది, మే నెల ఎండలో డిక్కీ అంటే పెనమే. నీళ్ళలో వేసి తేలితే ఖాళీ అనుకునే ట్రిక్ కూడా నమ్మకు. నాది 200 పఫ్‌లది, ఎన్ని మిగిలాయో చూపించే కౌంటర్ లేదు, అందుకే మొదలెట్టిన తేదీ ప్లాస్టర్ ముక్క మీద రాసి అంటిస్తా. అయినా ఆఫీసులో బాత్రూంలోకెళ్ళి పీలుస్తా, ఏంటో ఆ సిగ్గు.

సీతమ్మ మనవరాలు:
మా అమ్మ మూడేళ్ళు వరసగా మృగశిర కార్తెకి నాంపల్లిలో లైన్లో నిలబెట్టి చేప మందు మింగించింది, ఇన్హేలర్ అంటే మాత్రం "అలవాటైపోద్దే" అంటుంది. అందులో మందు మైక్రోగ్రాముల్లో, వెయ్యి కలిస్తే ఒక మిల్లీగ్రాము అని చెప్పినా వినదు. ఆవిడ కళ్ళబడకుండా దాచి దాచి నేనే మర్చిపోయేదాన్ని. ఇప్పుడు రోజూదాన్ని టూత్‌బ్రష్ పక్కనే పెట్టా, పీల్చాక ఎలాగూ నోరు పుక్కిలించాలి కదా, లేకపోతే నాలిక మీద తెల్లపూత వస్తుంది.

మందులషాపు:
కౌంటర్లో రోజూ చూస్తా అండీ, బ్లూది ఒక్కటే నెల నెలా కొనుక్కెళ్తారు, రెండోది అడిగితే "బానే ఉందిగా" అంటారు. బ్లూది గొట్టాలు కాసేపు తెరుస్తుంది అంతే, లోపలి వాపు తగ్గించేది రెండోదే, అదీ రోజూ వాడితేనే. 2019 నుంచి గీనా (ఉబ్బసం వైద్యానికి సలహాలిచ్చే అంతర్జాతీయ సంస్థ) గైడ్‌లైన్స్‌లో కూడా పెద్దవాళ్ళకి బ్లూది ఒక్కదాంతో నెట్టుకురావద్దనే ఉంది. ఇంకోటి, ఊపకుండా నొక్కేసి వెంటనే గాలి వదిలేస్తారు చాలామంది, పదంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టాలి.

నైట్‌షిఫ్ట్ బాబాయ్:
నేను మూడు కూడా లెక్కపెట్టను 😅 బ్రష్ పక్కన పెట్టేశా, కొత్త బ్లూది బ్యాగులో. పొద్దున్నే మా ఆవిడ "ఇదేంటి ఇక్కడ" అని తీసి మళ్ళీ అల్మరాలో సర్దేసింది.