చెరువు నీరు ఇంకిందా, ఇగిరిందా?

ప్రశ్న (అనంతపురం): ఒక పత్రికలో మా వైపు చెరువు గురించి “మండుటెండలకు నీరంతా ఇంకిపోయింది” అని రాశారు. ఇంకడమంటే నేలలోకి దిగడం కదా! ఎండ నీటిని పైకి లాగుతుంది గానీ కిందికి దించుతుందా? పనిలో పనిగా, మా అమ్మాయి పాఠంలోని ‘బాష్పీభవనం’ అన్న మాటకు ఇంట్లో వాడుకునే మాట ఏదైనా ఉంటే చెప్పండి. బాష్పం అంటే కన్నీరు కదా అని అడుగుతోంది.

కర్నూలు సభ్యుడు: మీ అనుమానం సబబైనదే. నీరు ఎటు పోయిందన్నదాన్ని బట్టి మనకు క్రియ మారుతుంది. నేలలోకి దిగితే ఇంకుతుంది, అందుకే ఇంకుడు గుంత అన్నారు. కూరలోంచి గాలిలో కలిస్తే ఇగురుతుంది. పైతడి పోతే ఆరుతుంది, లోపలి పచ్చి కూడా పోతే ఎండుతుంది. మీ జిల్లాలో ఈ చివరి రెండింటి తేడా వేరుశనగ రైతును అడగాలి. పీకిన కట్టెను తిరగేసి పరిస్తే కాయ మీది తడి త్వరగానే ఆరిపోతుంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే గింజ గలగలమనే దాకా మాత్రం అది ఎండినట్టు కాదు. ఆరింది కదా అని మూటకట్టినవారికి మిగిలేది బూజే. గింజలో తేమ 8–9 శాతానికి దిగాలి.

ఇక బాష్పం. సంస్కృతంలో దానికి ఆవిరి అనీ కన్నీరు అనీ రెండర్థాలున్నాయి. పాఠ్యపుస్తకం మొదటిది తీసుకుంది, ఆనందబాష్పాలు రెండోది తీసుకున్నాయి. ఇంటి మాట కావాలంటే ‘ఆవిరి కావడం’ చాలు. కృష్ణా జలాల లెక్కల్లో కూడా ఈ మాటే చెల్లుతోంది. బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి కేటాయించిన 811 టీఎంసీల్లో 33 టీఎంసీలు శ్రీశైలం జలాశయపు ఆవిరి నష్టాలవే. ఒక్క జలాశయం మీద ఎండా గాలీ పుచ్చుకునే వాటా అది.

కడప సభ్యురాలు: ఇంకడానికి అంత గట్టి గిరి గీయకండి. ‘కన్నీళ్లు ఇంకిపోయాయి’ అంటాం, అవి ఏ నేలలోకి దిగాయి? ఉన్న తడి లేకుండా పోవడమంతటికీ ఆ మాట వాడుకలో ఉంది. పత్రికవారిని మరీ తప్పుపట్టనక్కర్లేదు. మా ఇంట్లో ఇంకో మాట కూడా ఉంది. చారు పొయ్యి మీద మరిచిపోతే ‘సుండిపోయింది’ అంటారు. సుండిన చారు ఉప్పెక్కుతుంది. నీరు పోయినా ఉప్పు పోదు కదా. చౌడు నేలలో జరిగేదీ ఇదే. అడుగునున్న తడి ఉప్పును మోసుకుని పైకి పాకుతుంది, నీరు ఆవిరై పోతుంది, నేల మీద తెల్లటి పొర మిగులుతుంది.

కర్నూలు సభ్యుడు: కన్నీళ్ల సంగతి ఒప్పుకుంటున్నాను. అయినా వాక్యంలో ‘మండుటెండలకు’ అని కారణం చెప్పాక ‘ఇగిరిపోయింది’ అనో ‘ఆవిరైంది’ అనో రాస్తే సూటిగా ఉంటుంది. మరొకటి, ఇగరడానికి నీరు మరగనక్కర్లేదు. మరిగేటప్పుడు ఆవిరి బుడగలు నీటి లోపల కూడా పుడతాయి, మామూలుగా ఇగిరేది పైపొర ఒక్కటే. చురుకైన అణువులు గాలిలోకి లేచిపోతాయి, మందకొడివి మిగులుతాయి. మిగిలిన నీరు చల్లబడేది అందుకే. మే నెలలో మా ఊళ్లో మట్టికుండ నీళ్లు పళ్లు జివ్వుమనిపిస్తాయి. అదే కుండను సముద్రం పక్క ఊరికి తీసుకెళితే పైన చెమ్మ పడుతుంది గానీ నీళ్లు అంతగా చల్లబడవు. అక్కడి గాలికి అప్పటికే కడుపు నిండి ఉంటుంది. కూలర్లు అమ్మేవారికి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు.

ప్రశ్న అడిగినవారు: నా అసలు తగవు ఇది. మా తోటలో కుంటకు ప్లాస్టిక్ పట్టా పరిపించాను. అయినా నీటిమట్టం దిగుతూనే ఉంది. పట్టా చిరిగి ఇంకుతోందని పక్క పొలం ఆయన అంటాడు, ఎండకేనని పట్టా వేసినవారు అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?

కడప సభ్యురాలు: అన్నా, దానికి నిఘంటువు కాదు, బకెట్టు కావాలి. బకెట్టులో నీళ్లు పోసి, కదలకుండా అడుగున రాయి వేసి, కుంటలోనే మెట్టు మీద సగానికి పైగా మునిగేలా నిలపండి. లోపలి మట్టం, బయటి మట్టం రెండింటికీ గీతలు పెట్టండి. వాన పడని రోజులు చూసుకోండి, మోటారు వేయకండి. నాలుగైదు రోజులకు రెండు మట్టాలూ ఇంచుమించు సమానంగా దిగితే అది ఎండా గాలీ చేసిన పనే. కుంట మట్టం బాగా ఎక్కువ దిగితే పట్టా వేసినవారిని పిలిపించండి. రాత్రి పూట మూత మాత్రం పెట్టకండి, చీకట్లోనూ నీరు ఇగురుతుంది.