బైకాల్: సరస్సా, హ్రదమా?

సైబీరియాలోని బైకాల్‌ని తెలుగులో సరస్సు అంటే చాలా, ఇంకా మంచి మాట ఉందా అని ఒకరు అడిగారు. నా ఓటు "హ్రదం"కి.

అమరసింహుడి సంస్కృత నిఘంటువు అమరకోశంలో సరస్సు ఎవరి పక్కన ఉందో చూడండి. పద్మాకరం, తటాకం, కాసారం, సరసి, సరస్సు, అన్నీ ఒకే వరుస. తామరలు పూసే నీళ్లు. అంతకు ముందే "తత్రాగాధజలో హ్రదః" అని విడిగా చెప్పాడు: జలాశయాల్లో లోతు అందనిది హ్రదం. కొల్లేటికి సరస్సన్న మాట చక్కగా కుదిరింది. బైకాల్ లోతు 1,642 మీటర్లు! ప్రపంచంలో ఇంత లోతైన మంచినీటి సరస్సు ఇంకోటి లేదు. నీటిమట్టం సముద్రమట్టానికి 456 మీటర్ల ఎత్తున ఉంటే, అడుగు మాత్రం సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు పైగా కిందికి దిగిపోయింది. అక్కడ నేల చీలి, సుమారు రెండున్నర కోట్ల ఏళ్లుగా ఎడమవుతూనే ఉంది. అడుగున కిలోమీటర్ల మందాన మేట పడ్డాక కూడా మిగిలిన లోతు ఇది.

వ్యాఖ్య: హ్రదం నోరు తిరగదండీ. అక్కడివాళ్లు సముద్రమే అంటారట, మనమూ అదే అనేస్తే పోలా?

జవాబు: అంటారండీ. ఆ గట్టున ఉండే మంగోల్ జాతివాళ్లు బుర్యాత్‌లకు అది "బైగల్ దలై". దలై లామా పేరులోని దలై అదే, సముద్రమని. ఓల్ఖోన్ దీవికీ పడమటి గట్టుకీ మధ్య నీళ్లను రష్యన్లు "మాలొయె మోరె", అంటే చిన్న సముద్రం, అంటారు. కొండల్లోంచి సర్మా గాలి విరుచుకుపడేది అక్కడే. నేర్పా అనే సీళ్లు కూడా ఉన్నాయి. ఆ గాలికి ఎదురీదే జాలరికి అది సముద్రమే, కాదనను. మన పాఠకుడు మాత్రం ఉప్పునీళ్లు అనుకుంటాడు. గడ్డకట్టకుండా నేల మీదున్న మంచినీటిలో దాదాపు ఐదో వంతు అందులోనే ఉంది మరి. 1904లో జపాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు, గట్టు చుట్టూ రైలుమార్గం ఇంకా పూర్తికాక, గడ్డకట్టిన నీటి మీదే పట్టాలు పరిచి పెట్టెలను గుర్రాలతో లాగించారు. సముద్రం మీద పట్టాలంటే ఎవరైనా తికమకపడతారు.

అచ్చతెలుగే కావాలంటే మడుగు ఉంది. కాళియుడున్న చోటు సంస్కృత భాగవతంలో హ్రదం, మనకు కాళింది మడుగు. కానీ రక్తపుమడుగు, బురదమడుగు అని వాడీ వాడీ ఆ మాటను చిన్నది చేసేశాం. 636 కిలోమీటర్ల పొడవుకి అది ఆనదు. పాఠ్యపుస్తకాల్లో సరస్సే ఉండనివ్వండి. లోతు గురించి రాసేచోట బైకాల్ హ్రదం అనండి. బెంగాలీలు ఎప్పట్నుంచో అలాగే రాస్తున్నారు.