చర్చ: చోక్ తీసి రేస్ ఇవ్వగానే చైన్‌సా ఆగిపోతోంది. ముందు ఏది విప్పి చూడాలి?

ఉద్దానం_తోట
58 సీసీ చైనా మోడల్. ట్యాంకులో కలిపిన పెట్రోల్ నాలుగు నెలలుగా అలాగే ఉంది. చోక్ మూస్తే స్టార్టవుతోంది, తీసి రేస్ ఇస్తే ఆగిపోతోంది. స్పార్క్ బాగుంది, ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉంది. హెచ్ స్క్రూ (ఎక్కువ వేగంలో పెట్రోల్ ఎంత వెళ్లాలో సరిచేసేది) తిప్పితే చాలని షాపులో అంటున్నారు. అక్టోబరు వస్తోంది, తుపాను పడితే కూలిన చెట్లు తీయడానికి ఇదొక్కటే మిషన్. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఖమ్మం_సుబాబుల్
స్క్రూల జోలికి అప్పుడే వెళ్లకండి అన్నా. నాలుగు నెలల కిందట బాగా నడిచిన మిషన్‌లో స్క్రూలు వాటంతటవే అంత తిరగవు. మారింది పెట్రోల్. చోక్ అంటే గాలి తగ్గించే మూత. అది మూస్తేనే నడుస్తోందంటే ఇంజిన్‌కి పెట్రోల్ చాలడం లేదు, లేకపోతే ఎక్కడో అదనంగా గాలి దూరుతోంది. అలాగే కోతకు దింపితే పెట్రోల్‌తో పాటు ఆయిలూ తక్కువే అందుతుంది, పిస్టన్ పట్టేస్తుంది.

ట్యాంకు నుంచి కార్బ్ (పెట్రోల్‌నీ గాలినీ కలిపే కార్బురేటర్) వైపు వరసగా రండి. ముందు పాత పెట్రోల్ మొత్తం గాజు సీసాలోకి వంపి ఓ గంట కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే నీరు చేరినట్టు. సైకిల్ పుల్ల చివర కొక్కెంలా వంచి, ట్యాంకు మూతలోంచి పెట్రోల్ ఫిల్టర్‌ని బయటికి లాగండి. తెల్లగా ఉండాల్సింది గోధుమ రంగుకి వచ్చి జిగటగా ఉంటే కొత్తది వేయండి. కడిగి మళ్లీ వాడొద్దు. ఫిల్టర్ తీసేసి నడపడం అన్నిటికంటే చేటు.

తర్వాత పెట్రోల్ పైపు. ట్యాంకు గోడలోంచి బయటికొచ్చే చోట వంచి చూడండి, పగుళ్లు ఎక్కువగా అక్కడే వస్తాయి. గట్టిపడి వంగకపోయినా మార్చాల్సిందే. కొత్త పైపు కోసం పాత ముక్క షాపుకి పట్టుకెళ్లండి, లోపలి సైజు కొంచెం పెద్దదైనా గాలి పీలుస్తుంది. ఎక్కించేటప్పుడు చివర ఏటవాలుగా కోస్తే రంధ్రంలోంచి సులువుగా వస్తుంది, లాగాక ఆ ముక్క కత్తిరించేయండి. ఫిల్టర్ ట్యాంకులో అన్ని మూలలకీ చేరేంత పొడవు ఉండాలి. పొట్టిదైతే మిషన్ పక్కకి వంచినప్పుడల్లా ఆగిపోతుంది.

గోదావరి_టూస్ట్రోక్
వెంట్ కూడా చూడండి. పది నిమిషాలు బాగా నడిచి ఆగిపోయి, మూత వదులు చేస్తే మళ్లీ నడుస్తుంటే ట్యాంకులోకి గాలి వెళ్లే దారి మూసుకుపోయినట్టే. రంపపు పొట్టూ చైన్ ఆయిలూ కలిసి ముద్దగా పేరుకుంటాయి.

గాలి లీక్ పట్టడానికి పాత బీపీ మిషన్ బల్బూ, దాని గడియారం మీటరూ చాలు. మీటరు మీద 300 మి.మీ. (పాదరసం లెక్క) వరకు కొడితే సుమారు 0.4 బార్ ప్రెషర్ వస్తుంది. పైపుకి ఒక చివర బోల్టు బిగించి, రెండో చివర బల్బు తగిలించి, నీళ్లలో ముంచండి. బుడగ వచ్చిన చోటే చిల్లు. కార్బ్‌కైతే పెట్రోల్ లోపలికెళ్లే నిపుల్‌కి తగిలించి 250 దాకా కొట్టండి, నిమిషం పాటు ముల్లు దిగకూడదు. దిగితే కార్బ్‌ని సబ్బునీళ్లలో పెట్టి చూడండి. పంపు మూత అంచున బుడగలొస్తే గాస్కెట్, కార్బ్ నోట్లోంచి వస్తే లోపల పెట్రోల్‌ని ఆపే సూది సరిగా కూర్చోవడం లేదు. ప్రైమర్‌కి (స్టార్ట్ చేసే ముందు నొక్కి పెట్రోల్ లాగే బల్బు) వెళ్లే నిపుల్‌లోంచి వచ్చినా అర్థం అదే. తర్వాత కార్బ్‌ని బాగా ఆరబెట్టాలి. ఆ బీపీ మిషన్‌ని మళ్లీ మనుషులకి వాడొద్దు.

ఖమ్మం_సుబాబుల్
ఫిల్టర్, పైపు, వెంట్ బాగుండి కూడా అదే వరస అయితే కార్బ్ విప్పాలి. తెల్లటి గుడ్డ పరిచి, ఆరుబయట, ఇంజిన్ చల్లారాక. పొయ్యి, సిగరెట్ దగ్గర్లో ఉండకూడదు. రిపేర్ కిట్ ముందే తెచ్చుకోండి. కార్బ్ మీద చెక్కిన నంబరు చూసి కొనాలి, మిషన్ సీసీ చెబితే తప్పు కిట్ వస్తుంది.

ఎల్ (తక్కువ వేగానిది), హెచ్ స్క్రూలని మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకి ఆనిందో కాగితం మీద రాసుకోండి. గట్టిగా బిగిస్తే మొన అరిగిపోయి ఇక ఎప్పటికీ సెట్టింగ్ కుదరదు. రాసుకున్నాకే బయటికి తీయాలి.

ఒక్క స్క్రూతో ఉన్న మూత కింద పంపు డయాఫ్రమ్ (పెట్రోల్ లాగే పలచటి పొర), దాని వెనక గోట్లో సగం కూడా లేని చిన్న జల్లెడ ఉంటాయి. నెలల తరబడి నిలవున్న మిషన్‌లో నూటికి ఎక్కువ పాళ్లు తప్పు ఈ జల్లెడలోనే, పచ్చటి జిగురు పట్టి ఉంటుంది. రెండో వైపు నాలుగు స్క్రూల మూత కింద మీటరింగ్ డయాఫ్రమ్, సూదిని ఎత్తి పెట్రోల్ కొలిచి వదిలేది. వేలితో తాకితే పట్టుగుడ్డలా మెత్తగా ఊగాలి. ఎండిన ఆకులా చప్పుడు చేస్తే దాని పని అయిపోయింది, సూదిని ఎత్తే బలం దానికి లేదు. చోక్ మూస్తే నడిచి తీస్తే ఆగే జబ్బుకి ఈ రెండే పెద్ద కారణాలు.

రబ్బరు, ప్లాస్టిక్ ముక్కలన్నీ తీశాకే కార్బ్ క్లీనర్ కొట్టండి. కళ్లద్దాలు తప్పనిసరి, ఒక రంధ్రంలో కొట్టింది ఇంకో రంధ్రంలోంచి కంట్లో పడుతుంది. రంధ్రాల్లో తీగ పెట్టొద్దు. పంక్చర్ షాపు కంప్రెసర్ గాలి కూడా వద్దు, లోపల పలచటి వాల్వు ఉన్న మోడళ్లలో అది చిరిగిపోతుంది.

బిగించేటప్పుడు వరస తప్పేవాళ్లే ఎక్కువ. మీటరింగ్ వైపు కార్బ్‌కి ఆనుకుని గాస్కెట్, దాని మీద డయాఫ్రమ్, పైన మూత. పంపు వైపు తారుమారు: ముందు డయాఫ్రమ్, తర్వాత గాస్కెట్, పైన మూత. వాల్‌బ్రో కంపెనీ రకం కార్బ్‌లలో ఎక్కువ వాటికి ఇదే. విప్పేటప్పుడు ప్రతి అడుగుకీ ఫోన్‌లో ఫొటో తీస్తే అనుమానమే ఉండదు. సూది లివర్‌ని వంచొద్దు. అది ఎత్తుగా ఉంటే పెట్రోల్ పొంగుతుంది, పల్లంగా ఉంటే చాలదు.

డాలస్_తెలుగు
పెట్రోల్ గురించి ఒక మాట. స్టిల్, హస్క్వర్నా లాంటి కంపెనీల చాలా మోడళ్ల మాన్యువళ్లలో ఇథనాల్ 10 శాతం మించకూడదని ఉంటుంది. ఇండియా బంకుల్లో ఇప్పుడు దొరికేది ఇ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిసినది. ఇక్కడ అమెరికాలో ఇథనాల్ లేకుండా ఆయిల్ కలిపిన డబ్బాలు దొరుకుతాయి కాబట్టి నిలవ ఉంచే ముందు అవి పోస్తాం.

గోదావరి_టూస్ట్రోక్
ఇథనాల్ ఎంతుందో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. గీతలున్న సన్నటి గొట్టంలో 10 మి.లీ. నీళ్లు, 90 మి.లీ. పెట్రోల్ పోసి కుదిపి నిలబెట్టండి. ఇథనాల్ నీళ్లలోకి దిగిపోతుంది కాబట్టి కింది పొర 28 మి.లీ. దగ్గరికి చేరితే 90లో 18 ఇథనాల్, అంటే 20 శాతం. ఇలా నీళ్లతో కడిగి ఇథనాల్ తీసేసిన పెట్రోల్‌ని మిషన్‌లో పోయమని చెప్పేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. ఆక్టేన్ పడిపోతుంది, నీటి చుక్కలు మిగులుతాయి.

టూటీ ఆయిల్ (పెట్రోల్‌లో కలిపే టూ-స్ట్రోక్ ఆయిల్) 50:1 అయితే లీటరుకి 20 మి.లీ., 25:1 అయితే 40 మి.లీ. మాన్యువల్‌లో ఏది ఉంటే అదే, సిరంజితో కొలిచి. సీసా మూతతో అంచనా వేయొద్దు, బైకులో పోసే 20డబ్ల్యూ-40 ఇంజిన్ ఆయిల్ అసలే వద్దు. నాలుగు చుక్కలు ఎక్కువైతే మంచిదేగా అంటారు. ఆయిల్ పెరిగితే అదే రంధ్రంలోంచి వెళ్లే పెట్రోల్ తగ్గుతుంది, మసి పెరుగుతుంది. ఒక్క నెలలో అయిపోయేంతే కలపండి.

ఉద్దానం_తోట
విప్పాను. జల్లెడ పూర్తిగా మూసుకుపోయింది, మీటరింగ్ డయాఫ్రమ్ కాగితంలా ఉంది. రెండూ మార్చాను. ఇప్పుడు రేస్ అందుకుంటోంది కానీ ప్రైమర్ బల్బు నొక్కితే పెట్రోల్ రావడం లేదు. స్క్రూలు ఎంత ఉంచాలి?

ఖమ్మం_సుబాబుల్
ప్రైమర్ పైపులు రెండూ తారుమారయ్యాయి. బల్బు కార్బ్‌లోంచి లాగి ట్యాంకులోకి నెట్టాలి. మార్చి తగిలించండి.

స్క్రూలు మీరు రాసుకున్న లెక్కకే పెట్టండి. లెక్క పోతే రెండూ ఆనేదాకా తిప్పి ఒక్కో చుట్టు వెనక్కి, అక్కడ మొదలు. ఐదు నిమిషాలు వేడెక్కాక ఎల్ స్క్రూని అటూ ఇటూ తిప్పి ఇంజిన్ బాగా వేగం అందుకునే చోటు పట్టుకుని, అక్కడి నుంచి ఎనిమిదో వంతు చుట్టు బయటికి. చివర్లో ఐడ్లింగ్ స్క్రూ, చైన్ కదలకుండా ఆగేదాకా. ఐడ్లింగ్‌లో చైన్ తిరుగుతుంటే ఆ మిషన్‌తో కోతకి దిగొద్దు.

హెచ్ స్క్రూ విషయంలో, ఖాళీగా ఫుల్ రేస్ ఇస్తే శబ్దం కొంచెం బొంగురుగా (పెట్రోల్ కాస్త ఎక్కువ అందుతోందన్న గుర్తు) ఉండాలి, చెక్కలో దించగానే శుభ్రమవాలి. ఖాళీగా ఉన్నప్పుడే ఈల వేసినట్టు పలికితే పెట్రోల్ తక్కువ, వెంటనే బయటికి తిప్పండి.

సరుగుడు_కోత
చిన్న సవరణ అన్నా. కాయిల్‌లో వేగం కట్టేసే లిమిటర్ ఉన్న మోడళ్లలో ఆ బొంగురు పెట్రోల్ వల్ల కాదు, కాయిల్ వల్ల వస్తుంది. చెవిని నమ్మి ఇంకా లోపలికి బిగిస్తే పిస్టన్ పోతుంది. వాటికి టాకోమీటర్ (ఇంజిన్ చుట్లు కొలిచే మీటరు) పెట్టి, మాన్యువల్‌లోని గరిష్ఠ వేగానికి లోబడే సెట్ చేయాలి.

ఖమ్మం_సుబాబుల్
నిజం, అది నేను రాయాల్సింది.

ఉద్దానం_తోట
ప్రైమర్ వస్తోంది. ఇక నిలవ ఉంచేటప్పుడు ట్యాంకు ఖాళీ చేయాలా? ఖాళీ చేస్తే డయాఫ్రమ్ ఎండిపోతుందని కొందరు అంటున్నారు.

సరుగుడు_కోత
ఎండే మాట నిజమే, కానీ ఇ20 నిలవుంటే అంతకంటే ఎక్కువ పాడుచేస్తుంది. ట్యాంకు వంపేసి, ఆగిపోయేదాకా నడిపి, చోక్ మూసి మళ్లీ ఆగేదాకా నడపండి. తుపాను నెలల్లో మాత్రం ఇరవై రోజులకోసారి 200 మి.లీ. కొత్త పెట్రోల్ కలిపి పోసి, పది నిమిషాలు చెక్క కోసి, మళ్లీ ఖాళీ చేయండి. కొత్త ఫిల్టర్, మూర పైపు, ఒక రిపేర్ కిట్ మిషన్ పెట్టెలోనే ఉంచండి. తుపాను మర్నాడు షాపులు తెరిచి ఉండవు.