డిసెంబర్‌లో మేఘాలయ, మొదటిసారి: ఏం తెలుసుకుని వెళ్లాలి?

బెజవాడ బాటసారి:
డిసెంబర్ రెండో వారంలో గౌహతిలో దిగి షిల్లాంగ్, చిరపుంజి చూద్దామనుకుంటున్నాం. నాలుగు రోజులు. అమ్మానాన్నలకి అరవై దాటాయి, అమ్మ మాంసం ముట్టదు. పర్మిట్ ఏమైనా కావాలా? చెట్టు వేళ్ల వంతెన దాకా వాళ్లు దిగగలరా?

కొండదారి:
పర్మిట్ అక్కర్లేదండి. అది అరుణాచల్, నాగాలాండ్, మిజోరం, మణిపూర్‌లకే.

అన్నిటికంటే ముందు పొద్దు సంగతి చూసుకోండి. డిసెంబర్‌లో షిల్లాంగ్‌లో నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది, బెజవాడ కంటే గంట ముందు. గడియారం మాత్రం ఒకటే. మనవాళ్లు టిఫిన్ చేసి పదింటికి బయల్దేరతారు, సగం చోట్లు చూడకుండానే చీకటి పడుతుంది. పొద్దున ఆరున్నరకల్లా బండెక్కండి, రోజుకి మూడు చోట్లకి మించి పెట్టుకోకండి. చిరపుంజిని అక్కడ సోహ్రా అంటారు, షిల్లాంగ్ నుంచి 55 కిలోమీటర్ల లోపే గానీ ఘాట్ రోడ్డు, రెండు గంటలు వేసుకోండి.

ఆ నెలలో జలపాతాలు సన్నబడిపోతాయి. అందుకే ఒక రోజు డౌకీకి ఇవ్వండి. ఉమ్‌న్‌గోట్ నది తేటగా ఉంటుంది, పడవ నీడ అడుగున గులకరాళ్ల మీద పడి కదులుతూ కనిపిస్తుంది. వానాకాలంలో ఇదే నది ఎర్రనీళ్లు.

మెట్లమనిషి:
రెండంతస్తుల వేళ్ల వంతెన నోంగ్రియాట్‌లో ఉంది. టైర్నా ఊరి నుంచి సుమారు 3,500 మెట్లు దిగాలి, మళ్లీ అన్నీ ఎక్కాలి. దిగేటప్పుడే మోకాళ్లు వణకడం మొదలవుతుంది, దారిలో ఊగే తీగల వంతెనలు కూడా ఉన్నాయి. పెద్దవాళ్లని తీసుకెళ్లొద్దండి. వాళ్లకి మావ్‌లిన్నోంగ్ పక్కన రివాయ్ ఊళ్లో ఒక్క అంతస్తు వేళ్ల వంతెన చూపించండి, మెట్లు కొద్దిగానే ఉంటాయి. అదీ రబ్బరు మర్రి వేళ్లని ఏళ్ల తరబడి ఏటికి అడ్డంగా మళ్లించి పెంచిందే, అందులో తక్కువేమీ లేదు.

ఆదివారం షిల్లాంగ్‌లో చాలా షాపులు మూసేస్తారు. మందులు, నీళ్లు శనివారమే కొనుక్కోండి. సోహ్రా దాటాక ఫోన్‌పే మీద ఆధారపడకండి, వంద రూపాయల నోట్లు దగ్గరుంచుకోండి.

పోపులపెట్టె:
తిండికి అక్కడి ఖాసీ భాషలో నాలుగు మాటలు చాలు. జా అంటే అన్నం, దోహ్ అంటే మాంసం. దోహ్ సియార్ కోడి, దోహ్ స్నియాంగ్ పంది, దోహ్ మసి గొడ్డుమాంసం. జాదోహ్ అని రాసుంటే అన్నమే మాంసంతో కలిపి వండింది, ముక్కలు తీసేసి పెట్టమంటే కుదరదు. అమ్మగారికి షిల్లాంగ్ పోలీస్ బజార్‌లో శాకాహార హోటళ్లు దొరుకుతాయి. బయటికెళ్లే రోజు మాత్రం చపాతీలు కట్టించుకోండి, పొడులు, పచ్చడి ఇంటి నుంచే పట్టుకెళ్లండి.

ఎవరింటికైనా వెళ్తే క్వాయ్ ఇస్తారు: తమలపాకు, సున్నం, పచ్చి వక్క. ఆ వక్క మన ఎండు వక్కలాంటిది కాదు, నిమిషంలో చెవులు వేడెక్కి చెమట పడుతుంది. చిన్న ముక్కతో మొదలుపెట్టండి, రసం మింగకండి. నాన్నగారికి బీపీ ఉంటే అసలు వద్దు. చేత్తో తీసుకుని ‘ఖుబ్లెయ్’ అనండి, దణ్ణానికీ థాంక్స్‌కీ అదే మాట.