చర్చ: సుమతీ శతకం, కన్యాశుల్కం మన పిల్లల బతుక్కి ఇంకా పనికొస్తాయా?

జయపురం_కొట్టు
మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఇక్కడ ఒడిశా బడిలో ఒడియా, ఇంగ్లీషు. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు. మా నాన్నగారు రాత్రిళ్ళు సుమతీ శతకం పద్యాలు ఒడియా అక్షరాల్లో రాయించి కంఠతా పట్టిస్తున్నారు. మొన్న "అప్పిచ్చువాడు, వైద్యుడు" పద్యం దగ్గర పిల్ల అడ్డం తిరిగింది. "ఊరికి అప్పులిచ్చేవాడు ఎందుకు తాతా? మన వీధిలో గ్రూపు లోను కిస్తీ కట్టలేక ఆడవాళ్ళు ఏడుస్తున్నారు కదా" అంది. ఆయనకి కోపం వచ్చింది. నాకైతే పిల్ల అడిగింది సబబే అనిపించింది. ఈ పాతవాళ్ళ మాటల్ని నేటి బతుక్కి దారిగా నేర్పాలా, లేక పాత సాహిత్యమని ఓసారి చూపించి ఊరుకోవాలా?

రాయగడ_స్టేషన్
ఊరుకోవడమే మంచిది అన్నా. అదే పద్యంలో ఊరికి ఉండాల్సిన నాలుగోది ఏమిటి? "ద్విజుడు", అంటే బ్రాహ్మడు. మన చుట్టూ కోందులు, సవరలు, ఆదివాసులు. వాళ్ళ పిల్లల పక్కన బెంచీ మీద కూర్చునే మీ అమ్మాయికి ఊరి మంచిచెడ్డలు కులంతో కొలవడం నేర్పుతామా? అదే శతకంలో "కోమలి విశ్వాసంబును" పద్యం ఉంది. ఆడదాని నమ్మకాన్నీ, పాముతో స్నేహాన్నీ ఒకే గాట కట్టేశాడు. సభల్లో బాగున్న పద్యాలే ఏరి చదువుతాం, ఇలాంటివి దాచేస్తాం. దాచి పెట్టాల్సిన దాన్ని జ్ఞానం అని ఎలా అంటాం?

పర్లాకిమిడి_మాస్టారు
బాబూ, ఆ "అప్పిచ్చువాడు" పద్యాన్ని నీతిగా చదవకండి. ఇల్లు కట్టుకోబోయే మనిషి ఊరిని చూసే చూపుగా చదవండి. నీళ్ళు ఉన్నాయా, వైద్యం ఉందా, చేతిలో లేనప్పుడు డబ్బు పుడుతుందా. ఇప్పుడు మన జిల్లాల్ని అదే కొలతతో చూడండి. ఎడతెగని ఏరు అంటే రాయగడకి నాగావళి ఉంది, గుణుపురానికి వంశధార ఉంది. వైద్యుడి దగ్గరికొచ్చేసరికి ఏమైంది? బరంపురంలో ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ 1962లోనే వచ్చింది. కొరాపుట్‌కి మెడికల్ కాలేజీ రావడానికి 2017 దాకా పట్టింది. ఇప్పటికీ గుండెనొప్పి అంటే రాయగడ మనిషిని విశాఖ బండి ఎక్కిస్తున్నాం. శతకకారుడు పెట్టిన పరీక్షలో మనం ఇంకా తప్పుతూనే ఉన్నాం. అలాంటప్పుడు ఆ పరీక్ష పాతబడిందని ఎలా అనను?

అప్పు సంగతి వేరు. విత్తనాల వేళకి చేతిలో రూపాయి లేని రైతు వైపు నుంచి చూస్తే అప్పు పుట్టని ఊరు నరకమే. శతకకారుడు అంతవరకే చూశాడు. అప్పు తీర్చే రోజు చూడలేదు. దాన్ని చూసినవాడు మన పక్క భాషలోనే ఉన్నాడు, ఫకీర్ మోహన్ సేనాపతి. 1897లో 'ఛ మాణ ఆఠ గుంఠ' అనే ఒడియా నవల ధారావాహికగా మొదలుపెట్టాడు. నేతపని చేసుకునే భాగియా, సారియా దంపతుల ఆరు మాణాల ఎనిమిది గుంఠల నేలని రామచంద్ర మంగరాజు అప్పు పేరు మీద ఎలా మింగాడో అందులో ఉంది. చిత్రం చూడండి, అదే 1897లో ఇవతల కన్యాశుల్కం అచ్చయింది. జయపురం బాబూ, మీ అమ్మాయి తాతని అడిగిన ప్రశ్నకి జవాబు ఆ నవలలో ఉంది. అదీ ఆ పిల్ల చదవగలిగిన లిపిలోనే. రెండూ పక్కపక్కన పెట్టి చదివించండి.

బరంపురం_పట్టు
మాస్టారూ నమస్కారం. పద్యంలో లేనిదాన్ని ఇంకో పుస్తకం నుంచి తెచ్చి పూడుస్తున్నారు. దానికింత వకాల్తా ఎందుకండీ?

నాకు గురజాడ మీద గురి ఎక్కువ, ఎందుకంటే ఆయన లెక్క చూసి రాశారు. విజయనగరం మహారాజు అప్పటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళ శుల్కం పెళ్ళిళ్ళకి, అంటే పిల్ల తండ్రికి డబ్బిచ్చి చేసుకునే పెళ్ళిళ్ళకి, జాబితా తీయిస్తే 1034 తేలాయని తొలి ముద్రణ పీఠికలో రాశారు. అందులో ఏడాది వయసు పిల్లలు కూడా ఉన్నారు. అప్పట్లో జయపురం జమీందారీ ఆ జిల్లాలోదే, అంటే మన ముత్తవ్వల కాలపు కథ అది. పైగా రాసిందే వేదమని కూర్చోలేదు, 1909లో నాటకాన్ని బాగా పెంచి, మార్చి మళ్ళీ అచ్చు వేశారు. రాసినవాడే దిద్దుకున్నాడు, మనం దిద్దుకుంటే తప్పేమిటి?

ఆ శుల్కం పోయింది, నిజమే. దాని చోట కట్నం కూర్చుంది. మా బంధువుల్లో మొన్నటి సంబంధం మాటలు వింటే, డబ్బు పుచ్చుకునే వైపు మారింది గానీ బేరం తీరు మారలేదు. మా అమ్మాయికి పెళ్ళి మాటలు మొదలయ్యే ముందే ఆ నాటకం చదివించాను. నాకు ఆ పుస్తకం అంత అవసరం.

రాయగడ_స్టేషన్
అక్కా, మీరు చెప్పింది ఒప్పుకుంటాను. ఫకీర్ మోహన్ మాటా ఒప్పుకుంటాను. మాస్టారూ, "కోమలి" పద్యానికి మాత్రం ఏ పుస్తకం తెస్తారు?

పర్లాకిమిడి_మాస్టారు
ఏదీ తేను. ఆ పద్యం చివర్లో "భూమీశుల నమ్మికలు" కూడా బొంకే అన్నాడు. పాలకుల మాట నమ్మకు అన్నది ఈనాటికీ గట్టి మాటే. అయినా అది మొదటి మాటలోని తప్పుని కడగదు. నేర్పితే తప్పని చెప్పి నేర్పాలి.

మా ఊళ్ళో గిడుగు రామమూర్తిగారు 1880 నుంచి బడిపంతులుగా పనిచేశారు. సవరల భాష నేర్చుకుని ఆ పిల్లలకి పాఠాలు రాశారు, వాడుక భాష కోసం పండితులతో ఏళ్ళ తరబడి వాదించారు. 1936 ఏప్రిల్ 1న పర్లాకిమిడి ఒడిశాలో కలిసిన రోజునే ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఏటా ఆగస్టు 29న ఆయన పేరు మీద మనం చేసేది ఏమిటి? కంఠతా పద్యాల పోటీ. వాదించిన మనిషి పుట్టినరోజున వాదన లేదు.

ఈసారి పద్యం చెప్పిన పిల్ల, దాన్ని తాను ఒప్పుకుంటుందో లేదో రెండు నిమిషాలు చెప్పాలి. ఒడియాలో చెప్పినా సరే.

జయపురం_కొట్టు
మా నాన్నగారికి చదివి వినిపించాను. "ముందు నోటికి రానివ్వండి, తర్వాత కాదనొచ్చు. రాని పద్యంతో ఎలా తగువాడుతుంది?" అంటున్నారు. ఆయన మాట తీసెయ్యలేకపోతున్నాను.

రాయగడ_స్టేషన్
నా అనుమానం వేరు. జడ్జీలు అందరూ పెద్దవాళ్ళే. ఒప్పుకున్న పిల్లలకే మార్కులు పడతాయి.

బరంపురం_పట్టు
జడ్జీల్లో ఇద్దరు కాలేజీ ఆడపిల్లల్ని పెట్టండి తమ్ముడూ. మా వైపు నుంచి ఒకరిని నేను తీసుకొస్తాను. ఫకీర్ మోహన్ పుస్తకం కాపీలు కూడా బరంపురంలో నేనే కొంటాను, ఎన్ని కావాలో జులైలోగా చెప్పండి.